సంతకం పెట్టని పెద్దమనిషి

ప్రతి ఏటా జనవరి 1న ఢిల్లీలోనూ ఇస్లామాబాద్‌లోనూ ఒకేసారి రెండు జాబితాలు చేతులు మారతాయి. మా అణు కేంద్రాలు ఇవీ, ఫలానా అక్షాంశం, ఫలానా రేఖాంశం దగ్గర ఉన్నాయి అని ఒక దేశం రెండో దేశానికి రాసిచ్చే జాబితాలవి. వాటి మీద దాడి చేయబోమని రెండు దేశాలూ 1988 డిసెంబరు 31న ఒప్పందం చేసుకున్నాయి. 1991 జనవరిలో అది అమల్లోకి వచ్చింది. మొదటి జాబితాలు 1992 జనవరి 1న మారాయి. కార్గిల్ యుద్ధం జరిగిన మరుసటి జనవరిలోనూ ఈ పని ఆగలేదు. పార్లమెంటు మీద దాడి తరువాత రెండు సైన్యాలూ సరిహద్దుల్లో ఎదురెదురుగా నిలబడి ఉన్న 2002 జనవరిలోనూ ఆగలేదు.

మనకు కాని దేశానికి మన ఆస్తుల చిరునామా మనమే ఇవ్వడమేమిటని చాలామంది అడుగుతారు. దానికి కారణం 1981 జూన్‌లో ఉంది. ఇరాక్‌లోని ఒసిరాక్ రియాక్టరును ఇజ్రాయెల్ విమానాలు కూల్చేశాక, కహూటా మీద భారత్ అలాంటి పనే చేస్తుందని పాకిస్తాన్ భయపడింది. అలా జరిగితే మన ట్రాంబే, తారాపూర్ మీద ప్రతిదాడి తప్పదు. నడుస్తున్న రియాక్టరు మీద మామూలు బాంబు పడినా దాని ఫలితం మామూలుగా ఉండదు. ఈ లెక్క రెండు వైపులా అర్థమైంది.

నేనుంటున్న డిండోలి సూరత్ నగరానికి ఆగ్నేయంగా ఉంటుంది. ఇక్కడి నుంచి బార్డోలి, వ్యారా మీదుగా కాక్రపార్ అణు విద్యుత్ కేంద్రం సుమారు ఎనభై కిలోమీటర్లు. అది తాపి నదికి ఎగువన ఉంది, మేం దిగువన ఉన్నాం. సూరత్ తాగేది తాపి నీళ్లే. విద్యుత్ రియాక్టర్లు, పరిశోధన రియాక్టర్లు, ఇంధనం తయారుచేసే, శుద్ధి చేసే కేంద్రాలు అన్నీ ఆ ఒప్పందం నిర్వచనంలోకి వస్తాయి. కాబట్టి మా వీధిలో పడుకునే ప్రతి మనిషికీ ఆ జాబితాతో సంబంధం ఉంది, ఆ సంగతి వాళ్లకు తెలియకపోయినా.

ఒప్పందం మీద సంతకాలు జరిగినప్పుడు మన విదేశాంగ మంత్రి, మొదటి జాబితా ఇచ్చినప్పుడు మన ప్రధాని ఒక్కరే. పాములపర్తి వెంకట నరసింహారావు.

డిండోలి, లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వాళ్లకు పీవీ మన వైపు మనిషి. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో సూరత్ ఖాళీ అయినప్పుడు రైళ్లకు వేలాడుతూ ఊళ్లకు చేరిన పెద్దలు, అప్పటి ప్రధాని అని ఆయన్ను గుర్తుచేసుకుంటారు. ఆయన మీద వాళ్లకున్న కోపాలూ ఉన్నాయి, వాటి జోలికి నేనిప్పుడు వెళ్లను. నన్ను కర్నల్ కాకా అని పిలిచే కుర్రాళ్లకు మాత్రం పీవీ అంటే ఆర్థిక సంస్కరణలే. ఆ అయిదేళ్లలో దేశం అణ్వస్త్రాల విషయంలో ఎంత ఇరుకులో పడిందో, ఆయన దాన్ని ఎలా దాటించారో చెబితే కొత్తగా వింటారు.

ఆయన తొలి జీవితం తెలుగు పాఠకులకు తెలిసిందే. 1921 జూన్ 28న వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టారు. దత్తత వెళ్లిన వంగరలో పెరిగారు. నిజాం కాలంలో వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు ఇక్కడ చదువు ఆగితే మరాఠీ ప్రాంతానికి వెళ్లి పూర్తిచేశారు. 1957లో మంథని నుంచి శాసనసభకు వెళ్లారు. 1971లో ముఖ్యమంత్రి అయ్యారు. భూసంస్కరణలు, ఆ తరువాత జై ఆంధ్ర ఉద్యమం, 1973 జనవరిలో పదవి పోవడం, అన్నీ రెండేళ్లలోపే. విశ్వనాథ వారి వేయిపడగలును హిందీలోకి తెచ్చింది ఆయనే. ఈ భాషల మనిషి అణు వ్యవహారాల్లోకి ఎలా వచ్చాడన్నది నాకు ఆసక్తి కలిగించే ప్రశ్న. అది తారాపూర్ ఇంధనంతో మొదలైంది.

తారాపూర్‌లోని రెండు రియాక్టర్లు అమెరికా ఇచ్చినవి. 1963 ఒప్పందం ప్రకారం ముప్ఫై ఏళ్లపాటు ఇంధనం ఇవ్వాల్సిన బాధ్యతా అమెరికాదే. 1974 మే 18న మనం పోఖ్రాన్‌లో పరీక్ష జరిపాం. 1978లో అమెరికా కొత్త చట్టం చేసి, తన అణు కేంద్రాలన్నిటినీ తనిఖీకి తెరవని దేశానికి ఇంధనం ఇవ్వకూడదంది. రాసుకున్న ఒప్పందాన్ని తమ ఇంటి చట్టంతో రద్దుచేయడమన్నమాట. పీవీ 1980లో విదేశాంగ మంత్రి అయ్యేసరికి ఈ తగాదా ముదిరి ఉంది. 1982లో ఇందిరాగాంధీ అమెరికా వెళ్లినప్పుడు మధ్యేమార్గం కుదిరింది: అమెరికా బదులు ఫ్రాన్స్ ఇంధనం ఇస్తుంది, ఒప్పందం బతికే ఉంటుంది. ఇరుపక్షాలకూ పరువు పోలేదు, రియాక్టరూ ఆగలేదు. పీవీ తరువాతి రోజుల్లో చేసిన పనులు చూస్తే ఈ పాఠం ఆయన బాగా ఒంటబట్టించుకున్నారనిపిస్తుంది.

ఇక్కడ అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఎన్‌పీటీ అని పిలిచే ఈ ఒప్పందం 1968లో సంతకాలకు వచ్చి 1970లో అమలైంది. 1967 జనవరి 1కి ముందు అణుబాంబు పేల్చిన దేశాలే అణ్వస్త్ర దేశాలని అందులో ఉంది. చైనా 1964లో పేల్చింది కనుక లోపల కూర్చుంది. మనం సంతకం పెట్టాలంటే బాంబు ఎప్పటికీ చేయబోమని రాసిచ్చి, ప్రతి కేంద్రాన్నీ తనిఖీకి అప్పగించాలి. అయిదుగురు ఉంచుకోవచ్చు, మిగతావాళ్లు చేయకూడదు. ఢిల్లీలో ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా దీనికి ఒప్పుకోలేదు. 1962 యుద్ధం చూసిన తరం సైనికాధికారులు మాకు అకాడమీలో పాఠాలు చెప్పారు, వాళ్లలో ఒక్కరు కూడా ఈ సంతకాన్ని సమర్థించగా నేను వినలేదు.

1991 జూన్ 21న పీవీ ప్రధాని అయ్యేసరికి ఖజానాలో రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా విదేశీ మారకమే ఉంది. ఆ ఏడాది ముగిసేలోపే సోవియట్ యూనియన్ లేకుండా పోయింది. బయట అణు ప్రపంచం కూడా వేగంగా మారుతోంది. దక్షిణాఫ్రికా 1991 జులైలో ఎన్‌పీటీలో చేరింది. ఆరు బాంబులు చేసి, వాటిని విప్పేశామని తరువాత 1993లో బయటపెట్టింది. చైనా, ఫ్రాన్స్ 1992లో చేరాయి. ఒప్పందం బయట ఉన్న పెద్ద దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. 1992 జనవరి 31న భద్రతా మండలి మొట్టమొదటిసారి దేశాధినేతల స్థాయిలో సమావేశమైంది. అప్పుడు మనం అందులో తాత్కాలిక సభ్యులం, పీవీ స్వయంగా వెళ్లారు. సామూహిక విధ్వంసక ఆయుధాల వ్యాప్తి ప్రపంచ శాంతికి ముప్పు అని ఆ సమావేశం ప్రకటించింది. వ్యాప్తి అరికట్టాల్సిందే, కానీ నియమం అందరికీ ఒకటే కావాలన్నది పీవీ వాదం. అడ్డం తిరగలేదు, తలా వంచలేదు.

దెబ్బలు వరసగా పడ్డాయి. 1992 ఏప్రిల్‌లో అణు సరఫరాదారుల బృందం వార్సాలో సమావేశమై, పూర్తి తనిఖీకి ఒప్పుకోని దేశానికి ఏదీ అమ్మకూడదని నిర్ణయించింది. మేలో క్రయోజెనిక్ ఇంజన్ ఒప్పందం మీద ఇస్రోకూ రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్‌కూ అమెరికా ఆంక్షలు వేసింది. 1993లో సాంకేతికత ఇవ్వలేమని రష్యా వెనక్కి తగ్గింది. ఆ ఏడాది అక్టోబరులో తారాపూర్ ముప్ఫై ఏళ్ల గడువు తీరింది, ఫ్రాన్స్ కూడా చేతులెత్తేసింది. అప్పుడు ఇంధనం ఎక్కడి నుంచి వచ్చింది? చైనా నుంచి. 1993 సెప్టెంబరులో సరిహద్దు శాంతి ఒప్పందం చేసుకుని ఉన్నారు కదా, ఆ సఖ్యత 1995లో తారాపూర్‌కు ఇంధనంగా కూడా అక్కరకు వచ్చింది. చైనా అప్పటికి సరఫరాదారుల బృందంలో సభ్యురాలు కాదు. 1962 పాఠాలు చదువుకున్న మాకు ఈ వార్త మింగుడుపడలేదు. కానీ ఏడాదికేడాది ఒత్తిడి పెరుగుతున్నప్పుడు దేశ పెద్ద దగ్గర ఉండాల్సింది ఈ రకం చొరవే.

సరిగ్గా ఈ కాలంలోనే కాక్రపార్‌లో 220 మెగావాట్ల మొదటి యూనిట్ 1993 మేలో, రెండోది 1995 సెప్టెంబరులో వాణిజ్య ఉత్పత్తిలోకి వచ్చాయి. సహజ యురేనియం, భారజలంతో నడిచే ఈ రియాక్టర్లకు శుద్ధి చేసిన యురేనియం కోసం ఎవరి గుమ్మం తొక్కనక్కర్లేదు. తారాపూర్ మెడకు పడిన ఉరి కాక్రపార్‌కు పడలేదు. సూరత్ మగ్గాలకు కరెంటు ఇవ్వడం ఒక్కటే కాదు దాని విశేషం.

పీవీ అధికారాల గురించి చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ప్రధానులందరిలాగే అణుశక్తి శాఖ ఆయన దగ్గరే ఉంది. 1993 మార్చిలో శరద్ పవార్ మహారాష్ట్రకు వెళ్లిపోయాక రక్షణ శాఖ కూడా ఆయనే తీసుకుని చివరిదాకా ఉంచుకున్నారు. అంటే ప్రధాని, రక్షణమంత్రి, అణుశక్తి మంత్రి ముగ్గురూ ఒక్కరే. రక్షణ పరిశోధన వైపు అబ్దుల్ కలాం, అణుశక్తి వైపు ఆర్. చిదంబరం ఆయనకు నేరుగా జవాబుదారీ. ఈ ఫైలు గురించి మాట్లాడేవాళ్లు ఎంత తక్కువైతే అంత మంచిదని ఆయన ఉద్దేశం. గోప్యతకు ఇది బాగా పనికొచ్చింది.

సైన్యానికి మాత్రం అంత మేలు చేయలేదని నా అభిప్రాయం. ఆ రోజుల్లో నేను రాజస్థాన్ ఎడారిలో కంపెనీ కమాండర్‌ని. అణు, జీవ, రసాయన దాడి డ్రిల్ చేయించేవాళ్లం. మే ఎండలో మాస్కు పెట్టుకుని, పైన రక్షణ సూటు తొడుక్కుని జవాను అరగంట కందకం తవ్వితే బూట్లలో చెమట నిండేది. అవతలివాడు బాంబు వేస్తే ఇలా బతకాలి అని నేర్పేవాళ్లం. మన దగ్గర బదులు ఏముంది, ఎవరు నిర్ణయిస్తారు, ఎంతసేపట్లో నిర్ణయిస్తారు అని జవాను అడిగితే నా దగ్గర గానీ, నా పై అధికారి దగ్గర గానీ సమాధానం లేదు. అది మా స్థాయికి సహజమే. కానీ ఆ ప్రశ్నలకు సంస్థాగతమైన సమాధానం 2003 జనవరిలో అణు కమాండ్ అథారిటీ, వ్యూహాత్మక దళాల కమాండ్ ఏర్పాటయ్యే వరకు రాలేదు. ఆయుధం ముందు, దాన్ని వాడే వ్యవస్థ చాలా తరువాత. ఈ లోపం పీవీ ఒక్కరిదే కాదు, ఆయన ముందువాళ్లదీ, తరువాతివాళ్లదీ కూడా. మూడు శాఖలూ తన చేతిలో ఉన్న మనిషి సరిచేసి ఉండాల్సిందని మాత్రం అంటాను.

1994 ఫిబ్రవరిలో అగ్ని క్షిపణిని మూడోసారి పరీక్షించారు. ఆ మేలో పీవీ వాషింగ్టన్ వెళ్లి అమెరికా పార్లమెంటు ఉభయసభల్లో ప్రసంగించారు. ముందు పెరుగుదల ఆపు, తరువాత తగ్గించు, చివరికి తీసేయి అన్నది అప్పటి అమెరికా విధానం. దానికి ఆయన లొంగిన దాఖలా లేదు. అయితే ఆయన హయాంలో అగ్ని మళ్లీ ఎగరలేదు, తరువాతి పరీక్ష 1999లోనే. పృథ్వి మాత్రం సైన్యానికి వచ్చింది. ఒకటి నెమ్మదించి, ఇంకొకటి కానిచ్చి, ప్రయోగశాలలో పని నడిపించడం ఆయన పద్ధతి. బయటి నుంచి చూసేవాళ్లకు అది నిర్ణయలేమిగా కనిపించేది.

1995 అన్నిటికన్నా గడ్డు ఏడాది. పాతికేళ్ల గడువుతో మొదలైన ఎన్‌పీటీని మే 11న న్యూయార్క్‌లో శాశ్వతం చేశారు. అయిదుగురి హోదాకు ఇక కాలపరిమితి లేదు. (సరిగ్గా మూడేళ్ల తరువాత అదే తేదీన పోఖ్రాన్ రెండోసారి కంపించింది. కాకతాళీయమే, కానీ మరిచిపోలేని కాకతాళీయం.) ఎన్‌పీటీ శాశ్వతమైన నాలుగు రోజులకే చైనా భూగర్భంలో అణుపరీక్ష జరిపింది. సెప్టెంబరులో ఫ్రాన్స్ మురురోవా దీవిలో మొదలుపెట్టింది. ఇంకోవైపు సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒప్పందం, సీటీబీటీ, జెనీవాలో తయారవుతోంది. 1993లో దాని కోసం తీర్మానాన్ని అమెరికాతో కలిసి ప్రతిపాదించిన దేశాల్లో మనమూ ఉన్నాం. పెద్దవాళ్లు కావలసినన్ని పరీక్షలు చేసుకుని తలుపు వేసేస్తున్నారని ఇప్పుడు ఢిల్లీకి అర్థమైంది. మనకున్నది 1974 నాటి ఒకే ఒక్క పరీక్ష. తలుపు పడేలోపు ఇంకోసారి పరీక్షించాలా, వద్దా?

పోఖ్రాన్‌లో షాఫ్టులు సిద్ధం చేయడం మొదలైంది. కేబుళ్లు, కొత్త మట్టి గుట్టలు అమెరికా ఉపగ్రహాల కంటపడ్డాయి. డిసెంబరు 15న న్యూయార్క్ టైమ్స్ ఆ కథనం అచ్చువేసింది. రాయబారి ఫ్రాంక్ విస్నర్ ప్రధాని కార్యాలయానికి ఉపగ్రహ చిత్రాల సాక్ష్యంతో వెళ్లారు. క్లింటన్ స్వయంగా ఫోన్ చేశారు. పరీక్ష జరగలేదు.

ఎందుకు జరగలేదన్న దాని మీద ఢిల్లీలో మూడు కథలున్నాయి. అమెరికాకు భయపడ్డారన్నది ఒకటి. హైడ్రోజన్ బాంబుకు శాస్త్రవేత్తలు ఇంకొన్ని నెలల సమయం కోరారన్నది రెండోది. అమెరికా ఎంతవరకు వెళ్తుందో తెలుసుకోవడానికి కావాలనే కంటపడనిచ్చారన్నది మూడోది. మూడోది పీవీ మేధస్సు మీద అభిమానంతో పుట్టిన కథ అని నా అనుమానం. ఎడారిలో పని దాచడం ఎంత కష్టమో అక్కడ ఉన్నవాళ్లకు తెలుసు, 1998లో ఆ జాగ్రత్తలు ఎన్ని రెట్లు పెంచాల్సి వచ్చిందో అందరూ విన్నారు. మొదటిది కూడా నాకు పూర్తిగా ఒప్పదు. భయపడ్డ మనిషి షాఫ్టులు పూడ్పించేసి ఒప్పందం మీద సంతకం పెట్టేవాడు. పీవీ రెండూ చేయలేదు.

నా లెక్క డబ్బు చుట్టూ తిరుగుతుంది. 1994లో అమెరికా చేసిన చట్టం ప్రకారం అణుపరీక్ష జరిపిన దేశం మీద ఆంక్షలు వాటంతట అవే పడతాయి, అధ్యక్షుడు కావాలన్నా సులువుగా ఆపలేడు. నాలుగేళ్ల క్రితం బంగారం కుదువపెట్టిన దేశం అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది. ఒక ఏడాది ఆగితే తట్టుకునే శక్తి పెరుగుతుంది, బాంబు కూడా మెరుగవుతుంది. ఆగడం వల్ల పోయేది రాజకీయ లాభం, అది పీవీకి వ్యక్తిగత నష్టం. 1996 ఎన్నికలకు నాలుగు నెలల ముందు పరీక్ష జరిపి ఉంటే ఓట్ల సంగతి వేరుగా ఉండేదేమో. అది వదులుకున్నారు.

అదే 1995, 96ల్లో పాకిస్తాన్ కహూటా ప్రయోగశాలకు చైనా సంస్థ ఒకటి రింగ్ మాగ్నెట్లు అమ్మిన సంగతి బయటపడింది. యురేనియం శుద్ధిచేసే సెంట్రిఫ్యూజుల్లో వాడే సామగ్రి అది. ఎన్‌పీటీలో ఉన్న అణ్వస్త్ర దేశం, ఎన్‌పీటీ బయటి దేశానికి ఇవ్వడం. అమెరికా 1996 మేలో ఆంక్షలు అక్కర్లేదని తేల్చేసింది. వ్యాప్తి నిరోధం పేరుతో మన మీద ఎత్తిన వేలు ఆ రోజు కనిపించలేదు. ఒప్పందం మీద సంతకం చేయని మనం మాత్రం ఎవరికీ బాంబు విద్య అమ్మలేదు.

1996 మే ఎన్నికల ఫలితాలకు కొద్దిరోజుల ముందు పరీక్షకు సిద్ధంగా ఉండమని పీవీ తనకు చెప్పారని కలాం తరువాత చాలా ఏళ్లకు బాహాటంగా చెప్పారు. ఫలితాలు తలకిందులయ్యాయి. అప్పుడు పీవీ తన శాస్త్రవేత్తలను వెంటబెట్టుకుని వాజ్‌పేయికి విషయమంతా అప్పగించే ఏర్పాటు చేశారు. ఓడిపోయిన ప్రధాని, గెలిచిన ప్రత్యర్థికి ఇల్లు అప్పగించినట్టు. వాజ్‌పేయి ప్రభుత్వం పదమూడు రోజులే నిలిచింది. ఆ జూన్ 20న దేవెగౌడ ప్రభుత్వం తరఫున అరుంధతి ఘోష్ జెనీవాలో సీటీబీటీని తిరస్కరించారు. 1998 మే 11న, 13న వాజ్‌పేయి పరీక్షలు జరిపించారు. 2004లో పీవీ మరణించినప్పుడు, బాంబు సిద్ధం చేసింది ఆయనేనని, తాను పేల్చానంతేనని ఒప్పుకున్నవారు కూడా వాజ్‌పేయే. పీవీ ఆ ఎనిమిదేళ్లూ దాని గురించి నోరు విప్పలేదు. 1998లో అచ్చయిన తన నవల ది ఇన్‌సైడర్‌లో కథానాయకుణ్ని ప్రధాని పదవిదాకా రానీయనే లేదు.

ఆయన 2004 డిసెంబరు 23న ఢిల్లీలో పోయారు. అంత్యక్రియలు హైదరాబాద్‌లో జరిగాయి. నాలుగేళ్లు తిరగకముందే, 2008 సెప్టెంబరు 6న, వార్సాలో తలుపు మూసిన ఆ సరఫరాదారుల బృందమే ఎన్‌పీటీలో లేని భారత్‌కు మినహాయింపు ఇచ్చింది. పౌర రియాక్టర్లను సైనిక కేంద్రాల నుంచి విడదీసి, వాటిని మాత్రమే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీకి ఇచ్చాం. ఏవి ఇవ్వాలో, ఏవి ఇవ్వకూడదో మనమే ఎంచుకున్నాం. ఇచ్చినవాటిలో కాక్రపార్ మొదటి రెండు యూనిట్లు ఉన్నాయి. పీవీ కాలంలో మొదలైన ఆ రెండింటి లోపలికి ఇప్పుడు వియన్నా నుంచి తనిఖీదారులు వస్తారు. 2024లో పీవీకి భారతరత్న ప్రకటించినప్పుడు డిండోలిలో మావాళ్లు మిఠాయి పంచారు. వాళ్లలో ఒక కుర్రాడు కాక్రపార్ కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. తనిఖీదారులు వచ్చినప్పుడు ఏం చూస్తారని అడిగాను. సీళ్లు, కెమెరాలు, ఇంధనం లెక్క అన్నాడు.